ఒకరికి చాలిన ఉప్పునీళ్లు

“ముట్టుకోవద్దు మే! చెప్పేదేదో దూరంగా నిలబడి చెప్పు.”

అరవై నాలుగులో, విడవలూరు అవతల సముద్రపొడ్డు పల్లెల్లో కలరా చెలరేగినప్పుడు, బడి మూసేసి ఆ గదుల్లో రోగులకు మంచాలు వేశారు. మూడు రోజుల తరువాత అక్కడ కళ్లు తెరిచిన పంచాయతీ ప్రెసిడెంటు భార్య వెంకటశేషమ్మకు మొట్టమొదట కనిపించిన మనిషి ఆయా ఎస్తేరమ్మ.

“దూరంగా ఉంటే నీళ్లెట్ట తాపేదమ్మా? నోరు తెరవండి.”

“ఎవురు తెచ్చిన నీళ్లు?”

“నేనే. కాచి చల్లార్చినా.”

“నువ్వు... ఆ చర్చి పేటదానివి గదా?”

“అవునమ్మా.”

“నీ చేతి నీళ్లు నేను తాగాల్నా? మా ఇంటికి కబురు చెయ్యి. మా వంటమనిషిని మా బావి నీళ్లు తెమ్మను.”

“చేసినామమ్మా.”

“చేస్తే ఏమన్నారు?”

“ముందు ఈ గుక్క మింగండి.”

“అడిగినదానికి చెప్పు! మరి ఈ మూడు దినాలూ నా నోట్లో నీళ్లెవురు పోసినారు?”

“నీళ్లూ నేనే పోసినా, మీ కింద గుడ్డలూ నేనే ఎత్తినా. అప్పుడు మీరు పేట అడగలా.”

“నోరు లేస్తా ఉందే! సర్కారు జీతం తింటే ఇంత పొగరా? సరేలే... ఈ నీసు వాసనేంది? నా పక్క మంచంలో ఎవుర్ని పండబెట్టినారు?”

“పాలెం గురవమ్మ కూతుర్నమ్మా. కామమ్మని.”

“చేపలోళ్ల పక్కనా నన్ను పడేసింది! ఆ మంచం అవతలికి ఈడ్చెయ్యి.”

“ఈడ్చే పని లేదు. మొన్ననే ఖాళీ అయింది.”

“పోయిందా? పోక! శుచా, శుభ్రమా? కాలవ నీళ్లు తాగొద్దని మా ఇంటాయన దండోరా వేయించలా?”

“వేయించినాడు. మీ బావికి తాళం కూడా వేయించినాడు. ఊరందరికని వచ్చిన బ్లీచింగు పౌడరు మూట మీ బావిలోనే పోయించినాడు. పాలెమోళ్లు కాలవ నీళ్లు కాకుంటే ఇంకేం తాగుతారు, సముద్రమా?”

“ఆ బావి నీళ్లే తాగిన నాకెట్టొచ్చిందంట? మీ గాలి తగిలే!”

“పాలల్లో వచ్చుంటాది. మీకు పాలు పోసే ఆమె కాలవ నీళ్లే గదా కలిపేది. ఊరందరికీ తెలుసు, మీకే తెలీదు.”

“ఛీ!”

“ఆ, నోరు తెరిచినారు గదా, ఇంకో గుక్క.”

“చాల్లే... చేతికి ఈ కట్టేంది?”

“సూది గుచ్చి సీసాలో ఉప్పునీళ్లు ఎక్కించినాడు డాక్టరు. దాంతోనే మీరు కండ్లు తెరిచినారు.”

“ఆ పిల్లకీ ఎక్కించినాడా?”

“ఒకరికి చాలినన్ని సీసాలే ఉండినాయి.”

“అయితే?”

“అయితే ఏముందమ్మా. ప్రెసిడెంటు భార్య ఎవురో, గురవమ్మ కూతురెవురో డాక్టరుకు తెలీదా? పద్దెనిమిదేండ్లు నిండలా పిల్లకి.”

“డాక్టరు బుద్ధిమంతుడు. ఆ గురవమ్మని ఇంటికి రమ్మను. దొడ్డివాకిట నిలబడితే పాత కోక ఇప్పిస్తా.”

“చెప్తా. మిమ్మల్ని ఈడికి మోసుకొచ్చింది ఆమె మొగుడే.”

“ఏందీ?”

“మునెయ్య. కూతుర్ని భుజానేసుకొని వస్తా ఉంటే మీ పశువుల కొట్టంలో మూలుగు వినబడిందంట. కూతుర్ని ఈడ దించి, మళ్లీ పోయి, తెరచాప గుడ్డలో మిమ్మల్ని తెచ్చినాడు.”

“అబద్ధం! పశువుల కొట్టంలో నేనెందుకుంటా? మా పాలేళ్లు లేరా? మా ఇంటాయన లేడా?”

“ఉన్నారు. కొట్టంలో పండబెట్టింది వాళ్లే.”

“...గాలి ఆడతాదని పెట్టుంటారు. ఆయన డాక్టరు కోసం పోయుంటాడు.”

“బుచ్చిరెడ్డిపాలెం పోయినాడు, మీ అత్త కాడికి. పిల్లల్ని తీసుకొని.”

“పోవాల్సిందే గదా! ఆయనకేమన్నా అయితే ఈ ఊరు ఏం కాను?”

“అవునమ్మా.”

“ఆ అవునమ్మా అనేది మానుకో ముందు! ఉండు... వింటివా? గంటలు. మా గిత్తల గంటలే అవి! బండి పంపినారు మే! పో, పాలేర్ని బండి ఈ వాకిట్లోకే తోలుకురమ్మను.”

“చూసొస్తానుండండి.”

“ఏమే, ఇంతసేపా? బండిలో పరుపేసినారా?”

“బండి తిరిగి పోయిందమ్మా.”

“నన్ను ఎక్కించుకోకుండానా?”

“లోపలికి అడుగు పెట్టొద్దని అయ్య చెప్పినాడంట. పాలేరు గేటు కాడే దించేసి పోయినాడు.”

“ఏం దించినాడు? బియ్యమా? మా బావి నీళ్లా? చెప్పవేం మే?”

“కట్టెలమ్మా. మీ ఇంట్లో నిన్ననే అందరూ తలస్నానాలు చేసేసినారంట.”