టైలరమ్మ రాసిచ్చిన పేరు

"మా పక్కింటావిడ చెప్పింది మాస్టారూ. మూడు రోజులుగా సీటొదిలేసి, ఎవరో టైలరమ్మ కొట్టు చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతున్నారట."

కొత్త లైబ్రేరియన్ కేటలాగు గదిలోకి మెమో కాగితంతోనే వచ్చాడు. ముసలి గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"నిజమే సార్. ఆమె భర్త రాసిన ఐదు పుస్తకాలు మన బీరువాలో ఉన్నాయి. వాళ్ళ భాష వేరు, ఆ లిపి మనకు రాదని ఆయన పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించి ఊరుకున్నాం."

"అందరూ చేసేది అదేగా?"

"ఆమెకు ఇంగ్లీషు రాదు. మొగమాటస్తురాలు, ఎవర్నీ అడగదు. ఆయన పోయాక వారం వారం వచ్చి, కంప్యూటర్లో తమ అక్షరాల్లో ఆయన పేరు కొట్టి, లేదని చూసి వెళ్ళిపోతోంది. పోయిన వారం గమనించాను. పేరు రాసిమ్మంటే ఏ కేసోనని భయపడింది. చొక్కాకి కొలతలిచ్చాక నమ్మి రాసిచ్చింది."

"ఎక్కించారా?"

"పొద్దున్నే. అదుగో, కిటికీ పక్కన ఆయన పుస్తకమే చదువుకుంటోంది."

లైబ్రేరియన్ అటే కాసేపు చూశాడు. ఇంత పనిమంతుడికా తను మెమో ఇవ్వబోయిందని సిగ్గేసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇలాంటి పేర్లు ఇంకెన్ని ఉన్నాయి మాస్టారూ?"

"మూడొందల పైనే."

"అన్నిళ్ళకూ మీరే వెళ్తారా?"

"ఊళ్ళో వాళ్ళ దగ్గరికి నేను వెళ్తాను. బయటివాళ్ళకు ఉత్తరాలు మీరు రాయండి."