మీరు పోయిన నలభయ్యో రోజు

అబ్బ, మళ్ళీ తల తిప్పేస్తున్నారు! ఒక్క తలగుడ్డ కట్టించుకోడానికి ఇంత పేచీ ఏమిటత్తయ్యా? ఇది అయిదోసారి. నా చేతులు పడిపోతున్నాయి. మీకు దణ్ణం పెడతాను, కాసేపు కదలకుండా ఉండండి.

అదిగో, ఆ చూపే వద్దన్నది. ముంతిలన్ సంతలో ముప్పయ్యేళ్ళు ఉల్లిపాయలమ్మిన కళ్ళు కదా, మనిషిని నిలబెట్టి తూకం వేసేస్తాయి. నోరు పడిపోయింది, కుడి పక్కంతా పడిపోయింది, ఆ కళ్ళు మాత్రం పడిపోలేదు. మూడేళ్ళ నుంచీ ఈ గదిలో నన్ను చూసేవి అవే.

సరే, చెప్పేస్తాను. ఎలాగూ కాసేపట్లో మీకే తెలుస్తుంది. మనింటికి పద్నాలుగు మంది ఆడవాళ్ళు వస్తున్నారు. వ్యాను మాట్లాడుకుని మరీ వస్తున్నారు. ఎందుకంటే... మీరు పోయి ఇవాళ్టికి నలభయ్యో రోజు.

అలా చూడకండి! పోలేదని నాకు తెలీదా? ఇందాకేగా గంజి పట్టాను, సగం నా బట్టలమీదే ఊశారు కూడా.

వాళ్ళెవరంటారా? నా స్నేహితులు. అవును, నాకూ ఉన్నారు. ఈ ఫోన్లో ఉన్నారు. మీరేమో, ఇది పొద్దస్తమానం ఆ అద్దం ముక్కలోకి చూసి నవ్వుకుంటుంది, పిచ్చి పట్టిందేమో అనుకుని ఉంటారు. మరి ఎవరితో నవ్వమంటారు? మీ అబ్బాయి దర్సో కలిమంతాన్ బొగ్గు గనుల్లో ఉన్నాడు, ఏడాదికోసారి పండక్కొస్తాడు. మీ అమ్మాయి పక్క ఊళ్ళోనే ఉంది, అదైతే పండక్కి కూడా రాదు. పోనీ నేనెక్కడికైనా పోదామంటే, ఇరవై నిమిషాలు దాటితే మీకు పక్క మార్చాలి, గుడ్డలు మార్చాలి. ఇరవై నిమిషాల్లో మనిషి ఎంత దూరం పోయి రాగలదు?

ఆ గుంపు పేరు ‘మెల్లమెల్లగా’. సలతిగాలో హార్తినీ అక్క అని ఉంది, బళ్ళో పాఠాలు చెప్పి మానేసింది. ఆవిడ పెట్టింది. రోజూ పొద్దున్న అందరం రెండు ముక్కలు రాయాలి. నిన్న మనసుకి నచ్చిందొకటి, ఇవాళ చేద్దామనుకున్న చిన్న పని ఒకటి. చిన్నదే. పెద్దవి రాస్తే అక్క ఒప్పుకోదు. ఎవరో పదిహేను కిలోలు తగ్గుతానని రాస్తే, ‘ముందు ఇవాళ ఒక్క బూరె మానెయ్యమ్మా, చూద్దాం’ అంది. సాయంత్రానికి పనైతే టిక్కు, కాకపోతే తప్పు గుర్తు. పిల్లల కాపీ పుస్తకాల్లో పెట్టినట్టే పెడుతుంది.

మొదటి రోజు నేనేం రాశానో తెలుసా? ‘ఇవాళ టీ వేడిగా ఉండగానే తాగాలి.’

నవ్వకండి. మూడేళ్ళలో నేను వేడి టీ తాగింది ఎన్నిసార్లో మీరే చెప్పండి. ఆ రోజు తాగాను. ముప్పై నాలుగు మంది చప్పట్లు కొట్టారు, బొమ్మల చప్పట్లేలెండి. అయినా నాకు ఒళ్ళు పులకరించింది. మర్నాడు మిరప మొక్క రెండాకులు వేసిందని రాశాను. ఆ తర్వాత క్లాతెన్ ఊరి అమ్మాయి రత్రి నాకు ఊలు అల్లడం నేర్పింది. నడక కూడా మొదలుపెట్టాను. మీ మంచం నుంచి వంటింటి కుళాయి దాకా తొమ్మిదడుగులు. అలా రోజుకి రెండు వేలు. మీకు కళ్ళు తిరుగుతున్నాయని ఆఁ ఆఁ అని అరిచేవారు చూశారూ, అప్పుడే. అవన్నీ నిజాలేనత్తయ్యా. ఒక్క అబద్ధం లేదు.

మరి చావు సంగతేమిటంటారు. వస్తున్నా, అక్కడికే వస్తున్నా.

మొన్నామధ్య మీకు జ్వరం తగిలింది గుర్తుందా? నాలుగు రోజులు నేను ఏమీ రాయలేదు. నాలుగు తప్పులు పడ్డాయి. అయిదోది పడితే కారణం చెప్పాలి, అది రూలు. ఏం చెప్పను? రోజూ ఇదే కారణం. అత్తయ్యకి ఒంట్లో బాలేదు, అత్తయ్యకి ఒంట్లో బాలేదు... రాసి రాసి నాకే విసుగొచ్చింది. చెయ్యి దానంతటదే రాసేసింది, ‘మా అత్తయ్య పోయారు’ అని.

అంతే. ఏముంది, ఫోన్లో మనుషులు కదా, రెండు ఏడుపు బొమ్మలు పెడతారు, ఒక పువ్వు పెడతారు, వదిలేస్తారనుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్ని! నేను జావా గడ్డమీద పుట్టలేదూ? మన వాళ్ళు చావు కబురు విని పువ్వు బొమ్మ పెట్టి ఊరుకునే రకమా?

మధ్యాహ్నానికల్లా ఖురాన్‌ని ముప్పై భాగాలు చేసి పంచేసుకున్నారు. తలా ఒకటి చదివారు. సాయంత్రానికి మీ పేరు మీద ఖురాన్ మొత్తం పూర్తయింది. బతికుండగానే ఎంతమందికి దక్కుతుందా పుణ్యం! మీరేమో అప్పుడు అరటిపండు ముక్క ఊసేసి నా మీద గుర్రుమంటున్నారు.

ఏడో రోజు మళ్ళీ చదివారు. ఆ తర్వాత హార్తినీ అక్క ఫోన్ చేసింది. ‘ముర్నీ, నలభయ్యో రోజుకి మేమే వస్తాం, నువ్వేం వండకు’ అంది. చాలా దూరమక్కా అన్నాను. ‘చావింటికి దూరమేమిటే పిచ్చిదానా’ అంది. ఇల్లు ఇరుకన్నాను. ‘చాపలు మేం తెచ్చుకుంటాం, వరండాలో పరుచుకుంటాం’ అంది. నాకు ఒంట్లో నలతగా ఉందన్నాను. ‘అయితే తప్పకుండా రావాలి’ అంది! ఇంకేం చెప్పను? ఏ మాట అడ్డం వేసినా అది పట్టుకునే లోపలికొచ్చేస్తోంది.

అదొక్కటేనా! ఆ పిల్ల రత్రి, మంచిదే పాపం, మూడో రోజే అడిగింది, ‘అక్కా, ఇంక నీ కాళ్ళకి అడ్డం లేదుగా, రేపటి నీ చిన్న పనేమిటి?’ అని. ఏదో ఒకటి రాయాలిగా. పబెలాన్ వంతెన దాకా నడుస్తానని రాశాను. సాయంత్రం ‘నడిచాను, గాలి చల్లగా ఉంది’ అని రాశాను. మర్నాడు బజారు వీధిలో బల్లమీద కూర్చుని, తొందర లేకుండా, కోడి సోతో పులుసు అన్నంతో తిన్నాను. జుట్టు కత్తిరించుకున్నాను. మేనమామ కూతురిని చూసొచ్చాను. మీరు లేని ఊళ్ళో నలభై రోజులుగా తిరుగుతున్నానత్తయ్యా, ఇదే కుర్చీలో కూర్చుని. రోజుకో టిక్కు. అప్పట్లో వేడి టీకి పులకరించిన దాన్ని, ఇప్పుడా టిక్కు పడితే ఫోన్ బోర్లా పెట్టేస్తున్నాను.

నిజం చెప్పెయ్యొచ్చుగా అంటున్నాయి మీ కళ్ళు. చెప్పి? బతికున్న మనిషిని చంపిన కోడలంటారు. అక్క ఒక్క మీట నొక్కితే ఆ గుంపులోంచి పోతాను. అది పోతే నాకేం మిగుల్తుంది? మీరూ, ఈ తొమ్మిదడుగులూ. అంతేగా.

అందుకే విను... వినండి. పొరపాటున అన్నాను, క్షమించండి. ఇవాళ ఒక్క పూటకి మీరు మా అమ్మ. అర్థమైందా? మీ పేరు సుమినా. మా అమ్మ నేను బళ్ళో ఉన్నప్పుడే పోయింది, వాళ్ళకి తెలీదు. అత్తయ్య పోయారు, ఆ దుఃఖంలో మా అమ్మకి పక్షవాతం వచ్చింది, తెచ్చుకుని పెట్టుకున్నానని చెప్తాను. మీరేం చెయ్యక్కర్లేదు. ఊరికే పడుకోండి. అది మీకు బాగానే వచ్చుగా.

ఏయ్, నవ్వుతున్నారా? ఆ ఎడమ పక్క మూతి... నిజంగా నవ్వుతున్నారే! బాగుంది, నా ప్రాణం మీదికొస్తే మీకు నవ్వులాటగా ఉంది.

సమాధి చూస్తామంటారు, అదింకో గండం. గులాబీ రేకులు బుట్టెడు తెస్తున్నారట చల్లడానికి. మావయ్య సమాధి దగ్గరికి తీసుకెళ్ళి, ఇద్దరూ ఒక్కచోటే అని చెప్తాను. దాని మీద ఒక్క పేరే ఉందేమిటని ఎవరైనా అడిగితే... అడగరులెండి. ఏడుస్తూ ఎవరు చదువుతారు? ఎదురింటి తుగినాకి ఏం చెప్పాలో మాత్రం తోచట్లేదు. అది పొద్దుటి నుంచీ గుమ్మంలోనే కూర్చుని సోయా టెంపె ముక్కలు వేయిస్తోంది. వ్యాను ఆగి, ‘పోయినావిడ ఇల్లు ఏదమ్మా’ అని అడిగారనుకోండి, అది వీధంతా వినపడేలా అరుస్తుంది.

చూడండి, ఫోన్లో వ్యాను బొమ్మ. హార్తినీ అక్క పంపింది, ఎక్కడున్నారో తెలియడానికి. మాగెలాంగ్ దాటేశారు. బియ్యప్పిండి అపెమ్‌లు వండుకుని తెస్తోందట ఆవిడ, చావింట పంచడానికి. తెల్లవారుజామునే లేచి ఆవిరి పట్టిందట. నాకోసం. కాదులెండి, మీకోసం.

ఇదుగో, మలుపు తిరిగింది. ఇంక నాలుగు నిమిషాలు.

అత్తయ్యా, వాళ్ళు లోపలికొచ్చే ముందు ఒక్క మాట. మీరెలాగూ ఎవరికీ చెప్పలేరు, అందుకే చెప్తున్నాను అనుకోండి. ఆ తప్పు గుర్తుల కథ ఉత్తదే. చెయ్యి దానంతటది ఏమీ రాయలేదు.

అయిదో రోజు పొద్దున్న గంజి పట్టుకుని వచ్చాను. మీరు నోరు తెరుచుకుని ఉన్నారు. ఛాతీ కదలట్లేదు. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి, కానీ చూడట్లేదు. అత్తయ్యా అన్నాను. ఒక్కసారే. మెల్లగా అన్నాను. భుజం కుదపలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టలేదు. తుగినాని కేకెయ్యలేదు, మసీదుకి పరిగెత్తి మైకులో చెప్పమనలేదు. గంజి గిన్నె కింద పెట్టి, ఇన్నాలిల్లాహి అనుకుని, ఆ కుర్చీలో కూర్చుని ఫోన్ తీశాను. ముందు వాళ్ళకే చెప్పాను.

వెంటనే హార్తినీ అక్క తన గొంతు రికార్డు చేసి పంపింది. ‘ముర్నీ, తల్లీ, నువ్వెలా ఉన్నావే? ఏమైనా తిన్నావా?’ అని ఏడుస్తోంది. నేను తిన్నానా అని మూడేళ్ళలో ఒక్కరడిగారా? మీరు బతికున్నంత కాలం అందరూ మీరెలా ఉన్నారనే అడిగారు. ఆ గొంతు రెండోసారి పెట్టుకుని విన్నాను. మూడోసారి వింటున్నాను... అప్పుడే అనుకున్నాను, ఇవాళ ఈ కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచి, నేలంతా కడగాలని. కడిగి ఆ వంతెన దాకా నడవాలని.

అప్పుడు మీరు దగ్గారు.

నీళ్ళు పట్టాను. తల ఎత్తి పట్టుకున్నాను. నా చెంపల మీద తడి చూసి మీరు ఎడం చెయ్యెత్తి తుడిచారు, గుర్తుందా? బతికానని సంతోషంతో ఏడుస్తోంది అనుకున్నారు. నేనూ అలాగే అనుకోనిచ్చాను.

మీరు పోయారనుకున్నప్పుడు నాకు ఒక్క చుక్క రాలేదత్తయ్యా. మీరు దగ్గాక ఏడ్చాను.

అదిగో హారను. వచ్చేశారు. చెయ్యి వదలండి... అత్తయ్యా, చెయ్యి వదలండి, తలుపు తియ్యాలి.