మా బావని దాటినవాడు లేడు

ఆ రోజు మా బావ నోరు మూసుకుని టీ తాగి ఉంటే, ఉద్యోగం పది నిమిషాల్లో చేతికొచ్చేది. పొద్దున్నే మా అక్క నా టీ కొట్టు దగ్గరికి వచ్చి మరీ చెప్పింది. "తమ్ముడూ, స్కూలు పెద్ద టీచరు సాయంత్రం ఆయన్ని చూడ్డానికి నీ కొట్టుకే వస్తుందట. ఆరు నెలలుగా ఖాళీగా ఉన్నాడు. నీకు పుణ్యముంటుంది, ఆయన్ని మాట్లాడనివ్వకు" అంది. ఆయన్ని మాట్లాడనివ్వకపోవడమంటే మాటలా! మా వీధిలో ఆయనకున్న పేరు హారన్. బండి కంటే ముందు మోత వస్తుంది.

సంగతేమిటంటే, స్కూలు వ్యాను పాత డ్రైవరు కిందటి నెల మలుపులో లారీని దాటబోయి, ఇరవై ఇద్దరు పిల్లలతో సహా వ్యానుని తీసుకెళ్లి గోడకి ఆనించాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, పెద్ద టీచరు అతన్ని ఆ పూటే పంపించేసింది. ఇప్పుడావిడకి కావలసింది దాటేవాడు కాదు. ఆ మాట బావకీ తెలుసు. కానీ నలుగురు కూర్చుని కనబడితే ఆయన తెలిసినవన్నీ మర్చిపోతాడు.

సరిగ్గా మూడున్నరకి ఆవిడ వచ్చింది. ఆఫీసు గదిలో అందరూ మంచివాళ్లలాగే మాట్లాడతారు, నలుగురిలో మనిషెలా ఉంటాడో చూద్దామని వచ్చానంది. చివరి బల్ల మీద కూర్చుని ఫైలు ఒళ్లో పెట్టుకుంది. బావ చేతులు కట్టుకుని బుద్ధిగా నిలబడ్డాడు. ఇంకో రెండు నిమిషాలు అలాగే ఉంటే గండం గడిచేదే. పక్క కొట్టు టైలరు, టేపు మెడలో వేసుకునే టీకి వచ్చి, అడగక్కర్లేనిది అడిగాడు.

"హారనన్నా, నువ్వు రేసు ట్రాకులో పనిచేసినవాడివి గదా. ఈ మధ్య రేసుల్లో ఒకణ్ణొకడు దాటడమే లేదేంటి? ఎవడు ముందు బయల్దేరితే వాడే గెలుస్తున్నాడు. టీవీలో చూస్తుంటే నిద్రొస్తోంది."

నేను గరిటెతో గిన్నె అంచు మీద టంగుమని కొట్టాను. బావకి వినబడలేదు. అప్పటికే బల్ల మీద కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

"గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదయ్యా టైలరూ. మేడంగారు కూడా ఉన్నారు, ఉన్నదున్నట్టు చెప్తా. ఒకసారి పన్నెండు చుట్లు, అంటే పన్నెండే, నేను ముందున్నాను. వెనక ఇరవై మంది. చాంపియన్ నా తోక పట్టుకునే ఉన్నాడు. ఒక్కడూ నన్ను దాటలేదు. అంతే, అందులో పెద్ద విశేషమేం లేదు. కానీ ఎందుకు దాటలేదో తెలుసా? గాలి! రేసు బండిని నేలకి అదిమి పట్టేది ఇంజను కాదయ్యా, గాలి. ముందూ వెనకా రెక్కలుంటాయి, విమానం రెక్కల్ని తిరగేసి బిగించినట్టు. విమానాన్ని గాలి పైకి లేపితే, దీన్ని కిందికి నొక్కుతుంది. అలా నొక్కితేనే మలుపులో జారకుండా తిరుగుతుంది. మరి ముందు వెళ్లేవాడేం చేస్తాడు? ఉన్న గాలినంతా చీల్చి, చించి వెనక్కి వదుల్తాడు. నువ్వు గుడ్డ కత్తిరించాక కింద ముక్కలు పడతాయే, వాటితో నిండు చొక్కా కుట్టమంటే కుడతావా?"

"ఎలా కుడతాను?"

"ఆఁ, అదే! వెనకవాడికి దక్కేది ముక్కల గాలే. తిన్నటి దారిలో వాడికి హాయి, ఎదురుగాలి నేను మోస్తున్నాను గనక దగ్గరకొచ్చేస్తాడు. వచ్చాడా, మలుపు తగిలిందా, పైనుంచి నొక్కే గాలి లేక బండి జారుతుంది. జారితే టైర్లు కాగుతాయి, కాగితే పట్టు పోతుంది, పట్టు పోతే వెనక్కి తగ్గాలి. తగ్గి, టైర్లు చల్లార్చుకుని, మళ్లీ మొదటికి. పోనీ బ్రేకు వేసేచోట దూరిపోదామా అంటే, ఇప్పటి బ్రేకులు తొక్కీ తొక్కగానే ఆగిపోతాయి, దూరడానికి జాగా ఏదీ? బండ్లు చూస్తే బారూ వెడల్పూ పెరిగిపోయాయి, దారులు మాత్రం తాతల నాటివే. రెండు బీరువాలు ఒకే గుమ్మంలోంచి ఒకేసారి లోపలికి పోతాయా?"

ఇంతవరకూ చెప్పినదంతా నిజమే. పెద్ద టీచరు కూడా తల ఊపింది. అక్కడ ఆపితే ఎంత బాగుండేది! "బావా, టీ చల్లారిపోతోంది" అన్నాను.

"చల్లారనీ బామ్మర్దీ. అసలు ముక్క ఇప్పుడే వస్తోంది."

"అదంతా అందరికీ ఉండేదే గదన్నా. ఇందులో నీ గొప్పేముంది?" అన్నాడు టైలరు, అగ్గిలో నెయ్యి పోస్తూ.

"నా గాలి వేరయ్యా! మిగతావాళ్లవి రెక్కలే, నా బండికి నెత్తిన పసుపు దీపాలు కూడా ఉండేవి. వాటికి తగిలి గాలి సుడి తిరిగేది. ఆ సుడికి చాంపియన్ బండి మీద ఏడో నంబరు ఊడి ఎగిరిపోయి, ఆరోవాడి బండి మీద పడి అతుక్కుంది. లెక్కరాసేవాళ్లు చూసుకుంటే ఆరోవాడు డెబ్బై ఆరోవాడు! ఉన్నదే ఇరవై మంది, ఈ డెబ్బై ఆరోవాడు ఎక్కణ్ణుంచి వచ్చాడని రెండు చుట్లు బుర్రలు బద్దలుకొట్టుకున్నారు. నేనలా పక్కసీటులో మా కుర్రమేస్త్రీతో కబుర్లు చెప్పుకుంటూ..."

"రేసు బండికి ఒకటే సీటు ఉంటుంది గదా?"

"నాది రెండు సీట్లది. నా పనితనానికి ఒక సీటు చాలదని వాళ్లే ఇచ్చారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చాంపియన్‌కి పిచ్చెక్కింది. పాములా అటూ ఇటూ ఊగిపోతున్నాడు, కుడి నుంచి దాటుదామా, ఎడమ నుంచి దాటుదామా అని. నేను మోచెయ్యి కిటికీలోంచి కాస్త బయటపెట్టానంతే, దారి నిండిపోయింది. వాడి టైర్లు ఎంత కాగిపోయాయంటే, టైర్లు మార్చే గుడారంలోకి వెళ్తే వాళ్ల మనుషులు ఇరవై మందికి వాటి మీదే టీ కాచుకున్నారు. రెండో డికాషన్ కూడా దిగింది. అలా నలభై చుట్లు!"

"ఇందాక పన్నెండన్నావు."

"అది మొదటి పూట లెక్క. ఆ తర్వాత రేసు ఆపుదామంటే ముందున్నవాణ్ణి గదా ఆపాలి, నన్ను ఆపేదెవరు? మూడు వందల చుట్లయ్యాయి. చాంపియన్ బయల్దేరినప్పుడు వాడి కొడుకు పాకుతున్నాడు. తిరిగొచ్చి హెల్మెట్ తీసేసరికి, తండ్రికి గడ్డం గీసే వయసొచ్చింది వాడికి."

టైలరు పొట్ట పట్టుకున్నాడు. నేను బల్ల కింద బావ కాలు తొక్కాను. ఆయన కాలు జరుపుకున్నాడు గానీ మాట జరపలేదు. పెద్ద టీచరు ఫైలు తెరిచి ఏదో కాగితం చూస్తోంది. మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. ఇంక బావ పని అయిపోయిందనుకున్నాను. అక్కకి ఏం చెప్పాలో మాటలు వెతుక్కోవడం మొదలుపెట్టాను.

"నవ్వకయ్యా, అసలు కష్టం అప్పుడొచ్చింది. ట్రాకు గుండ్రంగా ఉంటుందా? నా వెనక వరస పెరిగి పెరిగి చుట్టంతా నిండిపోయింది. చూద్దును గదా, వరసలో అందరికంటే వెనకవాడు నా ముందున్నాడు! వాడి ముక్కల గాలి నాకు తగుల్తోంది, నా ముక్కల గాలి చుట్టూ తిరిగొచ్చి మళ్లీ నాకే తగుల్తోంది. అందరికంటే ముందు నేనే, అందరికంటే వెనకా నేనే. ఇంక ఎవడు ఎవణ్ణి దాటుతాడు? కాకులు కూడా ట్రాకు మీద వరసగానే ఎగురుతున్నాయి. ఆలోచించాను. ఈ చిక్కు విడాలంటే దారి ఒక్కటే, నన్ను నేను దాటాలి."

"నిన్ను నువ్వా!"

"మరెవరు దాటగలరు? నా బలహీనత నాకు తెలుసు. మూడో మలుపులో ప్రతిసారీ ఎడం చేత్తో టోపీ సర్దుకుంటాను. కాచుకుని కూర్చున్నా. ముందున్న నేను టోపీ మీద చెయ్యి వేశానో లేదో, వెనకున్న నేను లోపలి వైపు నుంచి సర్రున దూసుకుపోయాను. దాటేశా!"

"మరి రెండోవాడేమయ్యాడు? ఆ దాటించుకున్న నువ్వు?"

"వాడికి రెండో బహుమతి ఇచ్చారు" అన్నాడు బావ, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి.

టైలరుకి నవ్వి నవ్వి కళ్లల్లో నీళ్లొచ్చాయి. పెద్ద టీచరు ఫైలు మూసింది.

"నాదొక చిన్న సందేహం" అంది మెల్లిగా. "మీ బండి నెత్తిన పసుపు దీపాలుండేవన్నారు. మొదటి పన్నెండు చుట్లూ అవి వెలుగుతూనే ఉన్నాయా?"

బావ చేతిలో ఖాళీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. "వెలుగుతూనే ఉన్నాయండి" అన్నాడు.

"మీ ఆవిడ మీ దరఖాస్తుకి ట్రాకు వాళ్ల కాగితం జతచేశారు. పంతొమ్మిదేళ్లు సేఫ్టీ కారు డ్రైవరుగా చేశారని ఉంది."

"అంటే ఏంటండీ?" అన్నాడు టైలరు.

"రేసులో ఎక్కడైనా ప్రమాదం జరిగితే, దారి శుభ్రమయ్యేదాకా ఆ కారు అందరికంటే ముందుకొచ్చి నెమ్మదిగా వెళ్తుంది. రేసు బండ్లన్నీ దాని వెనకే వరసగా రావాలి. దీపాలు వెలుగుతున్నంతసేపూ ఎవరూ దాన్ని దాటకూడదు. అది రూలు."

"మరి చాంపియన్ పాములా ఊగిందెందుకు?"

"నెమ్మదిగా వెళ్తే టైర్లు చల్లారిపోతాయి. వేడి నిలుపుకోడానికి అలా ఊపుతారు."

టైలరు బావ వైపు తిరిగాడు. "ఓరి నీ దుంప తెగ, హారనన్నా! వాళ్లు దాటలేక ఆగలేదు. దాటకూడదని ఆగారు!"

టైలరు నవ్వాడు గానీ నాకు నవ్వు రాలేదు. బావ అంత ముడుచుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. గ్లాసు బల్ల మీద పెట్టి, దాని వైపే చూస్తూ మాట్లాడాడు. ఆయన గొంతు అంత నెమ్మదిగా కూడా పలుకుతుందని నాకు అప్పుడే తెలిసింది.

"పంతొమ్మిదేళ్లు నా వెనకే వచ్చారమ్మా అందరూ. నేను దీపాలు ఆర్పి పక్కకి తప్పుకోగానే చప్పట్లు మొదలయ్యేవి. నా బండి ఉన్నంతసేపూ జనం టీలు తాగడానికి లేచేవాళ్లు. ఆఖరికి ట్రాకు మూసేసిన రోజున కూడా ఎవరూ ఒక మాట అనలేదు. అందుకని నా చప్పట్లు నేనే కొట్టుకుంటున్నాను. తప్పే."

అటువైపు స్కూల్లో గంట కొట్టారు.

"వెనకవాళ్లు తొందరపెట్టేవారా?" అని అడిగింది.

"తిట్టేవాళ్లండి. ఇంకా తొక్కమని రేడియోలో ఒకటే గోల."

"తొక్కేవారా?"

బావ తలెత్తి ఆవిడ వైపు ఆశ్చర్యంగా చూశాడు. "ఎలా తొక్కుతానండీ? ముందు దారిలో మనుషులుంటారు గదా. చీపుళ్లు పట్టుకుని, విరిగిన ముక్కలు ఏరుతుంటారు."

పెద్ద టీచరు లేచి, ఫైలు చంకలో పెట్టుకుంది. "రేపు ఏడింటికి వచ్చి వ్యాను తాళాలు తీసుకోండి" అని, రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆ డెబ్బై ఆరోవాడి కథ పిల్లలకి చెప్పండి. బండి ఆపాకే."

ఆ కబురు వినగానే అక్క నా కొట్టు ముందే బల్ల మీద కూలబడి ఏడ్చేసింది. ఆ తర్వాత బావని తిట్టింది.

మర్నాడు ఎనిమిదింటికల్లా రావలసిన టైలరు తొమ్మిదింటికి కూడా రాలేదు. వీధి చివర హారన్ల మోత వినబడితే తొంగిచూశాను. స్కూలు వ్యాను మనిషి నడకతో పోటీపడుతూ వస్తోంది. దాని వెనక రెండు స్కూటర్లు, నీళ్ల ట్యాంకరు, పాల వ్యాను, ఇంకా వెనక ఎన్ని ఉన్నాయో లెక్క తెలియలేదు. ఇరుకు వీధిలో ఒక్కడికీ దారి లేదు. పిల్లలు వెనక అద్దంలోంచి వాళ్లందరికీ చేతులూపుతున్నారు. మూడో మలుపు మా కొట్టు దగ్గరే. అక్కడ బావ ఎడం చేత్తో టోపీ సర్దుకున్నాడు. అయినా ఎవడూ దాటలేదు.

కాసేపటికి టైలరు మోపెడ్ దిగి, చెమటలు తుడుచుకుంటూ వచ్చి బల్ల మీద కూలబడ్డాడు.

"ఏమయ్యా, ఇంత ఆలస్యం?" అన్నాను.

"మీ బావ వెనక పడ్డాను" అన్నాడు.