పొలిమేర దాటిన బొంత

హలో… ఆ, నేనే. ముత్తవ్వనే… ఎవరు?… కిషనా? మా గంగాకిషనా?

ఆగు, జర ఊపిరి తీసుకోనియ్యి. "నిజామాబాద్ కెళ్ళి ఫోనొచ్చింది" అని ఫోను డబ్బ ఆశమ్మ కేకేస్తే, బీడీల చాట గట్లనే వదిలేసి ఉరికొచ్చిన… ఆ, గదే, మా గల్లి మూల మీది ఎస్టీడీ డబ్బనే. మా ఇంట్ల ఫోనెక్కడిదిరా.

ఏమన్నవు?… అక్కా అన్నవా? మల్లొక్కసారి అను… ఏం లేదు. కోర్టుల కేసు పడ్డ కాన్నుంచి గా మాట వినలే. గందుకు.

మంచిగనే ఉన్న… మీ బావ గూడ మంచిగనే ఉన్నడు. దగ్గుతుండు. చెత్త డంపుల పొగ లేసినన్ని రోజులు గా దగ్గు ఉంటది… సరే, సరే. గా ముచ్చట ఇప్పుడొద్దు. నువ్వు చెప్పు.

…

రేపా?

కారు పంపుతవా? నాకా?… ఒడిబియ్యం పోస్తవా!

ఆశమ్మా, విన్నవా? మా తమ్ముడు నాకు ఒడిబియ్యం పోస్తడట. చీర గూడ తెచ్చి పెట్టిండట… ఏ రంగురా?… ఆకుపచ్చదా. మంచిది. పుట్టింటి బియ్యం నా కొంగుల పడక ఎన్నేండ్లాయె. పసుపు కలిపిన బియ్యం వాసనే మర్చిపోయిన. పసుపు ఊళ్లె ఉండి గూడ.

పొద్దుగాలనే వస్తదా కారు?… మరి రేపు కోర్టుల మల్ల నా సాక్ష్యం ఉన్నది గదా… యాదికి లేదా నీకు? నీ మీద కేసు, నీకు యాదికి లేదా?… ఆహా. యాదికి లేకుంటనే రేపే మంచి రోజు దొరికింది.

లేదు, కోపం గాదు… చెప్పు… అవ్వనా?

…

మన అవ్వనే రమ్మన్నదా? "బిడ్డను చూడబుద్దయితున్నది" అన్నదా?… ఎప్పుడన్నది?… ఇయ్యాల పొద్దుగాల.

మంచిగున్నదా అవ్వ?… అన్నం తింటున్నదా?… జావనా. ఆ, నోట్లె పండ్లు లేవు గదా. చుట్ట తాగుతున్నదా ఇంకా?… మానిపించినవా! మంచి పని చేసినవు తమ్మీ. నేను ఎంత మొత్తుకున్నా మానలే.

ఒక్కసారి ఫోనియ్యి అవ్వకు. ఒక్క మాట మాట్లాడి ఇచ్చేస్త… పండుకున్నదా. వద్దు, లేపకు. పండుకోనియ్యి.

…

దేని మీద పండుకున్నది?

ఏం లేదురా, ఊరికెనే అడుగుతున్న. ముసలి పానం, నేల ఒత్తుకుంటది గదా. ఏం పరిసినవని… బొంతనా? నేను కుట్టిందేనా? నా పెండ్లి చీర, నాయిన ధోతులు కలిపి కుట్టిందేనా? అవ్వ చుట్ట నిప్పు పడి బొక్కయితే, నీ బడి నిక్కరు చింపి ఖాకి అతుకేసిన… గా బొంతనేనా?… గదే. దాని మీదనే పండుకున్నది. ఇప్పుడు నీ కండ్ల ముంగటనే ఉన్నది.

ఆహా.

కిషన్.

గా బొంత నా ఇంట్లున్నదిరా.

…

హలో?… ఉన్నవా?… ఫోను పెట్టకు. పెడితే నేను మల్ల చేస్త. నీ నంబరు ఆశమ్మ గోడ మీద బొగ్గుతోని రాసిపెట్టింది.

మొన్న బేస్తారం నాడు మేక కనబడకపోతే డంపు దిక్కు పోయిన. అప్పుడే నీ లారీ కుమ్మరించి పోయినట్టున్నది, ఇంకా నిప్పు గూడ పెట్టలే. హోటలు ఎంగిలి విస్తర్లు, దవాఖాన సూదులు, రక్తపు కట్లు… వాటి మీద ఎవరో కావాలని పరిసినట్టు బొంత. ముందుగాల చీర ముక్క కనబడ్డది. ఎవరిదో నా పెండ్లి చీర లెక్కనే ఉన్నది అనుకున్న. నాదే అనుకోలే. ఖాకి అతుకు చూసినంక తెలిసింది, నాదేనని. గాడనే కూలబడ్డ, గా సూదుల నడుమ.

బతికున్న మనిషి కింది బొంత ఎవరన్న పారేస్తరా? పోయినోళ్లదే పారేస్తరు. దినాలయినంక ఇల్లు కడిగి, పడకబట్ట ఊళ్లె ఉండొద్దని పొలిమేర దాటిస్తరు. నువ్వు గూడ దాటించినవు. నీ లారీ డ్రైవర్ ఏసయ్య చేతికిచ్చి, పొలిమేర దాటించి పారెయ్యి అని ఉంటవు. వాడేం చేస్తడు? రోజు పోయే తొవ్వలనే పోయిండు. రోజు కుమ్మరించే కాడనే కుమ్మరించిండు. నీ పొలిమేర దాటితే నా ఊరేనాయె!

మనల్ని కన్న తల్లి పోయిందని నాకు చెత్తకుప్ప చెప్పిందిరా.

…

ఏందీ? ఇంకొకరిదా?… ఇంకా అబద్దమేనా?

నిన్న మీ గల్లికి వచ్చిన. ఆ, నేనే. మొఖం మీదికి కొంగు గుంజుకొని మూల కాడ నిలబడ్డ. అరుగు మీద కూసున్నవు. గుండు. నెత్తి మీద తెల్ల తువ్వాల. ఇప్పుడు గూడ కప్పుకున్నవా?… ఫోన్ల గుండు కనబడదనుకున్నవా?

పక్కింటి కనకవ్వను అవ్వ పేరు చెప్పి అడిగిన. నన్ను గుర్తువట్టలే. "నీలవ్వ బిడ్డె రాలేదా చావుకు" అంటే ఏమన్నది తెలుసా? "కబురు పోయింది, కేసు పగతోని రానన్నదట, గసొంటి బిడ్డె ఉంటేంది లేకుంటేంది" అన్నది. నేనే నిలబడి విన్న. నా గురించి నేనే "అయ్యో" అని వచ్చిన.

కబురు పంపనిది నువ్వు. రానన్నది నేనా?

…

ఉండు, బయట ఎవరో నిలబడ్డరు… ఏందయ్యా? భీమ్‌గల్‌కు చెయ్యాల్నా? జర ఆగు. మా తమ్ముడు మాట్లాడుతుండు. మూడేండ్ల ముచ్చట, ఉత్తగనే అయిపోతదా? గా స్టూలు మీద కూసో.

ఆ, చెప్పు కిషన్… గా డంపు పంచాయతి జాగనే, ఎవరు కాదన్నరు? మా ఆర్మూరోళ్ల ఇండ్లల్ల ఊడ్సిన చెత్తకు ఇచ్చిన జాగ. నీ నిజామాబాద్ హోటళ్లకు, ప్రైవేటు దవాఖానలకు గాదు. మా ఊరి లసుమవ్వ వాళ్లు పసుపు ఉడకబెట్టి కల్లంల పోస్తే, నీ చెత్త పొగ పట్టి కొమ్ము కొమ్ముకు కంపు. మార్కెట్ యార్డుల ఒక్కడన్న చేతిల పట్టుకొని చూడలే. గందుకే కేసు పెట్టినం. నీ మీద అని గాదు. లారీ ఎవనిదో ముందుగాల తెల్వనే తెల్వదు. తెలిసినంక గూడ కేసు వెనుకకు తీసుకోలే. అది నా తప్పా?

కోర్టుల ఏమని చెప్పినవు? ప్రమాణం చేసి, "నా లారీ ఒక్కటి గూడ ఆర్మూర్ డంపు మొఖం చూడలే" అన్నవు. నేను చూసిన అంటే నీ వకీలు నవ్విండు. "చెత్త మీద ఊరి పేరు రాసుంటదా ముసలమ్మా" అన్నడు. అందరు నవ్విండ్రు. నువ్వు గూడ నవ్వినవు, కిషన్. కండ్లు దించుకొని నవ్వినవు. నేను చూసిన.

రేపు నవ్వుమను మీ వకీలును.

లారీ రాలేదంటే, అవ్వ బొంత ఎనిమిది కోసులు నడుసుకుంట వచ్చిందా అని అడుగుత. మా తమ్ముని నిక్కరు ముక్కను మా తమ్మున్నే చూసి చెప్పమనుండ్రి అంట.

…

కాలబెట్టాల్నా? బొంతను?… మంచిగ చెప్పినవు. ఆర్మూర్ల కాలబెట్టుడు మాకు కొత్తనా.

లారీలు బంద్ పెడ్తవా? పెట్టు. మస్తు మంచిది. గదే మాట రేపు జడ్జి సాబు ముంగట అను. ఫోన్ల ఎందుకు?

ఏందీ?… పుట్టిల్లు మర్చిపొమ్మంటవా? గడప తొక్కద్దంటవా?… బెదిరిస్తున్నవా? అవ్వ లేని ఇల్లు నాకు పుట్టిల్లు ఎట్లయితదిరా. నువ్వు ఇయ్యాల మూసేది ఏమున్నది, అవ్వ కండ్లు మూసిన్నాడే మూసినవు.

…

సరే. అరవకు. నేను గూడ అరవ.

ఒక్కటి అడుగుత. కోర్టు ముచ్చట గాదు. గీ ఒక్కటన్న నిజం చెప్పు.

అవ్వ నన్ను అడిగిందా?

…

అడిగిందా.

ఎట్లన్నది?… "ముత్తి వచ్చిందా" అన్నదా… దర్వాజ దిక్కే చూసిందా… మొఖం అటు తిప్పమన్నదా… ఆ… చెప్పు, వింటున్న… ఏడ్వకు, చెప్పు.

మరి నువ్వేమన్నవు?

…

"బస్సెక్కింది, వస్తున్నది" అన్నవా.

…

నేను గీడ బీడీలు చుట్టుకుంట కూసున్న. ఆడ అవ్వ నా బస్సు కోసం చూసుకుంట పండుకున్నది.

లగ్గమయి నేను గీ ఊరికి వచ్చేనాడు నీకు యాదికి ఉండదు, అవ్వ సంకలున్నవు. బస్సు కదిలినంక గూడ ఎంబడి నడిసింది. దుమ్ముల అవ్వ కనబడలే, చెయ్యి ఒక్కటే కనబడ్డది. ఎన్ని సార్లు బస్సెక్కినా కిటికీల కెళ్ళి వెనుకకు చూసేదాన్ని, గా చెయ్యి కోసం. ఆఖరికి అవ్వనే నా కోసం చూసుకుంట పోయింది. రాని బస్సు కోసం.

లేదు… ఇంక చెప్పకు. చాలు.

విను. ఇందాక ఫోను ఎత్తేదాక నా మనసు సగం నీ దిక్కే ఉండె. అవ్వ పోయింది అక్కా, తప్పయింది, అని ఒక్క మాట అంటే… బొంతను సందుగల పెట్టి తాళమేద్దుననుకున్న. లారీని చూసిన అని చెప్పి ఊకుందుననుకున్న. నువ్వేమో జావ తాగింది అన్నవు. పండుకున్నది అన్నవు. పోయిన అవ్వతోని నన్ను పిలిపించినవు.

ఇప్పుడు గా సగం గూడ లేదు.

కారు పంపకు. కోర్టు మా ఊళ్లెనే ఉన్నది, నడిసే పోత. ఒడిబియ్యం మాత్రం తప్పకుంట తే. చావయి ఏడాది తిరగని ఇల్లు గదా, కొంగు పట్ట. జడ్జి సాబు ముంగట బొంత పరుస్త. నీకు చెయ్యి వస్తే, అందరు చూస్తుండంగ దాని మీద పొయ్యి. ఖాకి అతుకు మీద పొయ్యి.

మీ వకీలుకు చెప్పు. చెత్త మీద ఊరి పేరే గాదు, ఇంటి పేరు గూడ రాసున్నదని చెప్పు.

…

అక్కా అనకు.

హలో?… హలో?…

పెట్టేసిండు.

ఇగో ఆశమ్మా, తీస్కో నీ ఫోను. పోవయ్యా, భీమ్‌గల్ చేసుకో, నా ముచ్చట అయిపోయింది… లేదు, ఏడుస్తలే. చెమట… బొంతనా? దండెం మీద ఉన్నది… వద్దొద్దు! నువ్వు ముట్టకు, ఉతకద్దు దాన్ని! ఒక కొసకు డంపు కంపు ఉన్నది, ఒక కొసకు అవ్వ చుట్ట వాసన ఉన్నది.

రెండు గట్లనే రావాలె కోర్టుకు.