పీపాలో వెలితి

జురా కొండల కింద, పెరోదే వాళ్ళు వైన్ పీపాలు ఉంచే నేలమాళిగ. కొత్త పనివాడు బజీల్ చేతులు తుడుచుకుంటుండగా ఆ ఇంటి పెద్దావిడ సొలాంజ్ మెట్లు దిగి వచ్చింది.

"గొట్టాలు కడగడం, అయింది. తలుపు బందులకి నూనె, అయింది. బూజులు, ఎలుకబోనులు, ఖాళీ సీసాలు పైకి చేర్చడం, అన్నీ అయ్యాయి అమ్మగారూ. మీరు చెప్పని పని కూడా ఒకటి చేశాను."

"చెప్పనిదా?"

"వెలితిగా ఉన్న పీపా నింపేశాను."

"ఏ పీపా?"

"అదిగో, అర్మాన్ అని చెక్కుంది చూడండి. ఎన్నాళ్ళనుంచి పట్టించుకోలేదో, జానెడు ఖాళీ! మా బుర్గున్య వైపు మాళిగల్లో వారం వారం నింపకపోతే వీపు విమానం మోతే."

"బజీల్... అది మా తమ్ముడు పోయే ముందు పెట్టిన పీపా."

"అందుకేనండీ, మరీ జాగ్రత్తగా..."

"ఆరేళ్ళ మూడు నెలలు ముట్టుకోకూడదు దాన్ని. ఆ వెలితిలోనే తెల్లపొర కడుతుంది. ఆ పొర కిందే మా పసుపు వైన్ తయారవుతుంది. ఇంకో నాలుగు నెలలే ఉన్నాయి."

"పొరా? బూజనుకున్నానే! అంటే... పాడైపోయిందా?"

"పొర మునిగిపోయింది. తాగొచ్చు. పసుపు వైన్ మాత్రం కాదు ఇక."

"తిట్టండమ్మా."

"ఆ మొదటి పీపా మీద పేరు ముత్తాత జుస్తాన్‌ది. పురుగు ద్రాక్షతీగలన్నీ తినేస్తే మళ్ళీ అంట్లు కట్టాడు. పక్కది తాత ఎమిల్‌ది. యుద్ధంలో సైనికులొస్తున్నారని పీపాలకి అడ్డంగా గోడ కట్టేశాడు. ఆ గోడ మా నాన్న పగలగొట్టాడు. తర్వాత అర్మాన్. అంతే. తోట అమ్మేశాను, వసంతానికి వేరేవాళ్ళది."

"మీరున్నారుగా?"

"ఆడవాళ్ళ పేర్లు చెక్కరు ఇక్కడ. సరే గానీ, దేంతో నింపావు?"

"మెట్ల కింద చిన్న పీపా లేదూ? పేరు లేదు, ఎవరిదీ కాదనుకున్నా. రుచి చూసే పోశా. బాగుంది."

"బాగుందా?"

"మీమీద ఒట్టు. ఎవరిదండీ అది?"

"అర్మాన్ మంచాన పడ్డ ఏడాది, నేనొక్కదాన్నే ద్రాక్ష కోసి, పిండి, పోసుకున్నది. నలభై ఏళ్ళు ఈ మాళిగలోనే ఉన్నాను. నా చేతిది రుచి చూసినవాడివి నువ్వే."

"అమ్మగారూ..."

"ఉలి ఉందా?"

"ఉంది."

"ఆ పీపాలో ఇప్పుడు నాదీ ఉంది. అర్మాన్ కింద నా పేరు చెక్కు. తోట కొన్నవాళ్ళకి చెప్పు, తాగేముందు సొలాంజ్‌ని కూడా ఒక్కసారి తలుచుకోమని."