ఆన్‌లైన్లో నూటికి నూరు

భార్య ఆత్మహత్య చేసుకున్న వారానికి అతను ఆరోగ్య కేంద్రానికి వచ్చి, గది తలుపు గడియపెట్టి, డాక్టరు పీక పట్టుకున్నాడు.

"నిద్ర పట్టట్లేదని మూడుసార్లొచ్చి చెప్పింది. ఏమిచ్చావు?"

"బలం మాత్రలు. వదలండి, ఊపిరాడట్లేదు."

"పక్క కేంద్రం డాక్టరమ్మ మనసు జబ్బుల ట్రైనింగుకి వెళ్ళొచ్చిందట. నువ్వెందుకెళ్ళలేదు?"

"నేనదే ఆన్‌లైన్లో చేశానండీ. నూటికి నూరొచ్చాయి."

"అక్కడ డాక్టర్లని ఎదురెదురుగా కూర్చోబెట్టి, 'చచ్చిపోవాలనిపిస్తోందా' అని ఒకరి చేత ఒకరిని అడిగించారట. నీచేత ఎవరడిగించారు?"

"ఎవరూ లేరు. వీడియో దాని మానాన అది నడిచేది, నేను రోగుల్ని చూసుకునేవాణ్ణి."

"నా పెళ్ళాన్ని ఆ మాట ఎందుకడగలేదు?"

"అడుగుదామనుకున్నా. నోరు పెగల్లేదు."

అతను డాక్టరు తలను బీరువాకేసి కొట్టాడు.

"ఇప్పుడడుగు. నన్నడుగు."

"మీకు... చచ్చిపోవాలనిపిస్తోందా?"

"పెగిలిందిగా! అది ఎదురుగా కూర్చుని ఏడిస్తే పెగలని నోరు, పీక నొక్కితే పెగిలింది."