గైడు గొంతు

స్టూడియోలో అద్దానికి అవతల, చాపంత గదిలో, హెడ్‌ఫోన్లు పెట్టుకుని అన్న. ఇవతల మీటల బల్ల ముందు చెల్లెలు. ఇద్దరిదీ ఒకే మెటల్‌కోర్ బ్యాండు, గొంతు చించుకుని అరవడమే అందులో పాట. అతను అరుస్తాడు, ఆమె డ్రమ్ములు కొడుతుంది. మధ్యాహ్నం మూడైంది. పొద్దున తొమ్మిదింటి నుంచీ అతను పాడుతున్నది ఒకే ఒక్క పాట, పాపం.

"...ఛ, మళ్ళీ జారింది. 'తలుపు' దాకా బానే ఉంది, 'తియ్యి' దగ్గర పైకి పోనంటోంది. విన్నావా?"

"విన్నా అన్నయ్యా."

"ఎలా ఉంది?"

"ఇందాకటి కన్నా నయం."

"ఇందాకా ఇదే అన్నావ్. అంతకు ముందూ ఇదే అన్నావ్. ఈ లెక్కన పొద్దున తొమ్మిదింటికి నేను గాడిదనయ్యుండాలి."

"కాసిని మంచినీళ్ళు తాగు."

"తాగీ తాగీ పొట్ట కుండైపోయింది. ఒకసారి వినిపించు పిట్టా, ఎక్కడ జారుతున్నానో చూసుకుంటా."

"ఇప్పుడొద్దు. వింటే ఊపు పోతుంది. చివర్లో అన్నీ కలిపి విందాం."

"సరే, నువ్వు చెప్పినట్టే. పోనీ నీది వినిపించు."

"నాదేంటి?"

"నీ గైడు. దాన్ని పట్టుకునే కదా నేను పాడాల్సింది."

"అది ఇప్పటికి వందసార్లు విన్నావ్."

"విన్నా. దర్జీ ముందు కాగితం కత్తిరించి కొలత చూసుకుంటాడు. గైడంటే అంతే కదా? రాగం ఎట్లా పోతుందో నాకు తెలియడానికి పాడావ్. ఆ బల్ల దగ్గరే కూర్చుని, బిస్కెట్లు నములుతూ పాడావ్. ఆ మ్యూజిక్ కంపెనీ పెద్దమనిషి వచ్చి కాగితమే బాగుంది, చొక్కా ఎందుకు అన్నాడు."

"ఆయన అట్లా అనలేదు."

"నా ముందే అన్నాడు! 'పదకొండేళ్ళు అరిచారు, చాలు. ఈ ఆల్బమ్ జనం కూడా కలిసి పాడుకోవాలి' అన్నాడు. పది పాటల్లో తొమ్మిది నీ గొంతుతోనే ఉంచేశాడు. నేను కిక్కురుమన్నానా?"

"అనలేదు."

"ఇదొక్కటే మిగిలింది. సాయంత్రం ఆరింటికి నేను పాడి ఇవ్వాలి, లేకపోతే ఇదీ నీదే. అప్పుడు నేను కట్టిన బ్యాండులో నేనెక్కడున్నట్టు? అట్ట మీద ఫోటోలోనా?"

"అన్నయ్యా..."

"మ్యూజిక్ పెట్టు. పెట్టు, టైము పోతోంది."

"పెట్టా."

"ఏమ్మా, ఇంకా పాడుతున్నాడా మీ అన్న?"

"ష్, ఇంజనీరు గారూ! మెల్లగా."

"నువ్వు ఆ బటన్ నొక్కితే కదా లోపలికి వినపడేది. చెప్పావా?"

"చెప్తా."

"పదింటికీ చెప్తానన్నావ్. పన్నెండింటికీ చెప్తానన్నావ్. పొద్దున ఎనిమిదిన్నరకే పాట కంపెనీకి పంపేశాను తల్లీ, నీ గొంతుతోనే. ఆరింటిదాకా ఆగం అని వాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తింది నువ్వు. సరేనంది నువ్వు."

"సరేననక ఏం చెయ్యను? కాదంటే ఆల్బమే ఉండదన్నారు. బ్యాండులో మిగతా ఇద్దరూ ఉద్యోగాలు మానుకుని కూర్చున్నారు."

"నిన్ను తప్పుపట్టట్లేదు. చెప్పమంటున్నా. అతను గొంతు చించుకుంటున్నాడు, నువ్వేమో ఉత్త మ్యూజిక్ పెట్టి చూస్తూ కూర్చున్నావ్. ఇదంతా ఏ రికార్డులోకి ఎక్కుతున్నట్టు?"

"ఎక్కడికీ ఎక్కట్లేదు."

"రామ రామ. పోనీ నేను చెప్పనా?"

"వద్దు! మీ కాళ్ళు పట్టుకుంటా. చెప్తే నేనే చెప్పాలి."

"పిట్టా! ఏంటి ఇంజనీరు మాస్టారితో ముచ్చట్లు? ఈసారెలా వచ్చిందో చెప్పవేం?"

"ఆఁ... బానే ఉంది అన్నయ్యా. టీ కావాలా అని అడుగుతున్నారు."

"టీ అడగడానికి అన్ని చేతులు తిప్పాలా? ఆయన మొహం చూస్తే ఎవరో పోయినట్టుంది."

"ఆయన మొహమే అంత."

"నా మొహం సంగతి తర్వాత చూసుకుందువు గానీ తల్లీ, నేను బయటుంటా. అయ్యాక పిలువు."

"వెళ్ళిపోయాడేం?"

"మందులేసుకోవాలట."

"మంచిది. నీకు గుర్తుందా ఆ తలుపు?"

"ఏ తలుపు?"

"ఈ పాటలో తలుపే. ఆకుపచ్చ రంగు, కింద చెక్క ఊడిపోయి."

"గుర్తులేకేం."

"ఫీజు డబ్బుతో గిటారు కొనుక్కొచ్చానని నాన్న వాన్లో గెంటి గొళ్ళెం పెట్టాడు. నీకు ఏడేళ్ళు."

"నాకు అందలేదు అన్నయ్యా. కుర్చీ ఎక్కినా అందలేదు. కుర్చీ మీద డబ్బా పెట్టి..."

"తెలుసే పిచ్చిదానా, ఎవరన్నారు నిన్ను? నువ్వు లోపల ఏడవడం నాకు వినపడుతూనే ఉంది. ఎంతసేపు అరిచాను?"

"వాన ఆగేదాకా."

"మూడు రోజులు మాట రాలేదు. వచ్చేసరికి ఈ గొంతు వచ్చింది. ఇన్నాళ్ళూ మనల్ని స్టేజీలెక్కించింది ఆ అరుపే. ఇప్పుడు అదే 'తలుపు తియ్యి' జోలపాటలా పాడమంటే ఎట్లా పాడను? నీ గొంతులో బాగుంది. నిజం చెప్తున్నా, చాలా బాగుంది. అందుకే నాకు ఒళ్ళు మండిపోతోంది."

"నా మీదా?"

"ఎవరి మీదని చెప్పను! నువ్వు లోపల ఉండి పాడినట్టు పాడావ్. నేను బయట ఉన్నవాణ్ణి."

"అన్నయ్యా, ఒక మాట."

"చెప్పు."

"అదీ..."

"చెప్పవే."

"గొంతు నొప్పిగా ఉందా?"

"ఇదా మాట?"

"ఇదే."

"నొప్పిగానే ఉంది. ఇంకేమైనా ఉందా చెప్పడానికి?"

"లేదు."

"ఉంటే చెప్పు. నువ్వు చెప్పేదాకా నేను పాడుతూనే ఉంటా."

"ఏం చెప్పేదాకా?"

"బాగుందని. ఇంకేం చెప్తావ్? పెట్టు మ్యూజిక్."

"కాసేపు ఆగరాదూ?"

"పెట్టమన్నానా!"

"పెట్టా, పెట్టా. అరవకు."

"అరవకు అని నువ్వు కూడా మొదలెట్టావూ?"

"...అన్నయ్యా! ఏమైంది? ఎందుకు ఆపేశావ్? ఆ దగ్గేంటి? అన్నయ్యా!"

"ఏం లేదు. ఉప్పుగా తగిలింది నోట్లో."

"రక్తమా? ఇటు చూపించు. అద్దం దగ్గరికి రా, చూపించు!"

"కూర్చో. కూర్చోమన్నానా. నాకు ఇదేం కొత్త కాదు."

"చాలు. ఇంక చాలు, బయటికొచ్చెయ్. నీకు దణ్ణం పెడతా, ఇంటికి పోదాం."

"ఆరు కాలేదుగా."

"కాకపోతే ఏం? ఈ పాట పోతే పోనీ!"

"పోనీ అనేది నువ్వా! బియ్యం డబ్బాలు బోర్లించి నీకు డ్రమ్ములు నేర్పినవాణ్ణి నేను. నీ పక్కన నా గొంతు ఒక్క పాటలో ఉండకూడదూ? ఒక్క మాటలో ఉండకూడదూ?"

"ఉండాలి. ఉండాలి అన్నయ్యా, ఎవరు కాదన్నారు..."

"ఏడుస్తున్నావా?"

"లేదు."

"అద్దంలోంచి కనపడుతోంది."

"జలుబు."

"సరే, జలుబే. ఇంకొక్కసారి, ఆఖరుసారి. ఈసారి మెలోడీ లేదు, గిలోడీ లేదు. ఆ రోజు వాన్లో అరిచినట్టే అరుస్తా. ఎవరికీ పంపొద్దు. మన దగ్గరే ఉంచుకుందాం."

"సరే అన్నయ్యా. మ్యూజిక్ పెడుతున్నా."

"మ్యూజిక్ వద్దు పిట్టా. రికార్డు నొక్కు. నువ్వెప్పుడూ ఈ గదిలో పాడలేదు, నీకు తెలీదు. రికార్డు నొక్కితే ఇక్కడ, అద్దం పైన, నావైపు ఒక ఎర్ర బల్బు వెలుగుతుంది. పొద్దున్నుంచీ అది ఒక్కసారి కూడా వెలగలేదు."